మా నాన్న ఫోన్‌కి నేను వేసిన తాళం

చేతులారా కొంప ముంచుకోవడం అంటే ఏమిటో మీలో ఎవరికైనా సరిగ్గా తెలియకపోతే, కాస్త ఇలా కూర్చోండి. దొంగలు రాకుండా అన్ని వైపులా తాళాలు బిగించి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క విలువైన వస్తువును నేనే ఎలా పోగొట్టానో చెబుతాను. ఆ వస్తువు మా అమ్మ గొంతు. మధ్యలో నవ్వొచ్చే చోట్లు కొన్ని తగులుతాయి, మొహమాటపడకండి. బెంగాలీల ఊళ్ళో ఓడరేవు పక్కనున్న మా గార్డెన్ రీచ్‌లో చాలామంది నవ్వుకున్నారు. కొందరు నా ఎదురుగానే.

అప్పటికి నేను కంప్యూటర్ చదువు పూర్తిచేసి, సాల్ట్ లేక్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. ఆ కాస్త కాలంలోనే ప్రపంచంలోని ఫోన్లన్నిటికీ నేనే కాపలాదారుణ్ణని నాకొక నమ్మకం పట్టుకుంది. ఎవరైనా ఎదురుపడితే బాగున్నారా అని అడగడం మానేసి, "మీ పాస్‌వర్డ్ ఏమిటి?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు అమాయకంగా చెప్పేసేవారు. ఇక చూసుకోండి, అక్కడే నిలబెట్టి ఉపన్యాసం. మా వీధిలో తెలుగువాళ్ళు నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోవడం మొదలుపెట్టారు. నా మాటల్లోని లోతుకు భయపడుతున్నారని అనుకున్నాను.

నాకు దీటుగా నిలబడి వాదించే మనిషి ఒక్కడే. వీధి మొగలో మొబైల్ రిపేర్ దుకాణం నడిపే బాపీదా. సాయంత్రమైతే ఆ దుకాణం ముందు స్టూళ్ళ మీద మట్టి ముంతల్లో చాయ్ తాగుతూ మా సభ జరిగేది. వీధిలో కెమెరాలు పెట్టొచ్చా, మన మొహాన్ని యంత్రాలకు అప్పగించొచ్చా, మన మాటలు కంపెనీలు వింటున్నాయా లేదా... మాకు తెలియని సంగతి లేదు, తేలిన సంగతీ లేదు.

"నా దగ్గర దాచుకోవడానికి ఏముంది భాయ్?" అనేవాడు బాపీదా బెంగాలీలో. "లేస్తాను, దుకాణం తెరుస్తాను, చేపల కూర తింటాను, పడుకుంటాను. ఇది తెలుసుకుని ఏ కంపెనీ బాగుపడుతుంది?"

"దాచడానికి ఏమీ లేదని బాత్‌రూమ్ తలుపు తీసి స్నానం చేస్తావా దాదా?"

"మా బాత్‌రూమ్‌కి తలుపే లేదు. గోనెపట్టా ఉంది."

అందరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. ఉద్యమకారులు నవ్వరు.

"సరే, నువ్వు చెప్పినట్టే తాళాలు వేద్దాం," అనేవాడు మళ్ళీ. "కానీ నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దొంగల బాధితులు కారు. తమ తాళం తామే మర్చిపోయినవాళ్ళు."

"వాళ్ళు క్రమశిక్షణ లేనివాళ్ళు," అన్నాను నేను, ముంతను రోడ్డు మీద విసిరికొడుతూ.

మా అమ్మ ఆ చలికాలంలో పోయింది. గుండెల్లో నొప్పిగా ఉందంటూ ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి నడిచి తిరిగి రాలేదు. నాన్న పేరు సింహాద్రి. జీవితమంతా రేవులో ఓడల సరుకు దించిన మనిషి, ఎంత బరువైనా భుజం మార్చుకోకుండా మోసినవాడు. అమ్మ కర్మకాండలు అయిపోయాక మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఏం చేయాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉండిపోయాడు.

అలాంటి సమయంలో కొడుకన్నవాడు ఏం చేయాలి? పక్కన కూర్చోవాలి. నేను అమ్మ ఫోన్ తీసి, అందులో ఉన్నదంతా తుడిచేశాను.

"ఏటి సేస్తన్నావురా గణేసూ?" అన్నాడు నాన్న.

"అమ్మ వివరాలు ఎవరి చేతిలోనూ పడకుండా చూస్తున్నాను నాన్నా. చనిపోయినవాళ్ళ ఫోన్లంటే మోసగాళ్ళకు పండగ."

"అలగా? మంచిది," అన్నాడు. నా చదువు మీద ఆయనకు అంత గౌరవం.

అమ్మకు రాయడం రాదు. ఎవరికి ఏం చెప్పాలన్నా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపేసేది. నాన్న ఫోన్‌లో అలాంటివి కొండంత ఉన్నాయి. రోజూ పొద్దున చాయ్ గ్లాసు ఒక చేత, ఫోన్ ఒక చేత పట్టుకుని, చెవికి ఆనించుకుని ఆయన వాటిలో ఒకటి వినేవాడు. ఎక్కువగా ఒకటే వినేవాడు.

"ఏటయ్యా, బస్సు దిగినావా? వచ్చినప్పుడు వంకాయలు తే. నొక్కి సూసి తే. కిందటిసారి తెచ్చినవాట్లో పురుగులకి పిల్లలు కూడా ఉన్నాయి."

నాన్న ప్రతిసారీ, "అలగే," అని జవాబు చెప్పేవాడు. తర్వాత లేచి మొహం కడుక్కునేవాడు. ఆ పూట గడవడానికి ఆయనకు ఆ మాత్రం చాలు.

నాకు చాలదు. ఎందుకంటే ఆ వారమే ఎవరో బస్సులో మా వీధి ఆయన ఫోన్ కొట్టేశారు. ఆ సాయంత్రం నాన్న ఫోన్ అడిగి తీసుకుని చూద్దును కదా, దానికి తాళమే లేదు! వీధిలో పోయే ఎవరైనా మా అమ్మ వంకాయల సంగతి వినేయొచ్చు! నా రక్తం మరిగింది.

ముందు వేలిముద్ర పెడదామనుకున్నాను. ఏళ్ళ తరబడి మోకులూ ఇనుపకొక్కేలూ లాగిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. ఎన్నిసార్లు నొక్కించినా మా నాన్నకు వేళ్ళున్నాయని ఫోన్ ఒప్పుకోలేదు.

"ఒగ్గీరా. నా ఫోన్ ఎవడు దొంగిలిస్తాడు?" అన్నాడు నాన్న.

"అదే మీ తరం చేస్తున్న పొరపాటు. రహస్యపదం పెడతాను. అంకెలు కాదు, మాటలు. నీకు గుర్తుండేలా మూడు తెలుగు మాటలు. చేప, చింత, చెంబు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి."

"సేప, సింత, సెంబు," అన్నాడు నాన్న వేళ్ళు ముడుస్తూ.

"సేప కాదు నాన్నా, చేప."

"అదే, సేప. ఎక్కడైనా రాసి పెట్టీ మరి."

"రాయకూడదు! రాస్తే అది రహస్యం ఎలా అవుతుంది?"

"మరి నాను మర్సిపోతే?"

"మర్చిపోకూడదు."

ఇంతటితో ఆగి ఉంటే నేను మామూలు మూర్ఖుడిగా మిగిలేవాణ్ణి. ఫోన్‌లోని మాటలకు ఒక నకలు దూరాన ఏదో కంపెనీ కంప్యూటర్‌లో దాచి ఉందని చూశాను. మా ఇంటి మాటలు వాళ్ళ దగ్గరెందుకని ఆ ఏర్పాటు ఆపేశాను, అక్కడున్న నకలునూ తీసేయించాను. ఆఖర్న ఒక మీట కనిపించింది. ఎక్కువసార్లు తప్పు మాట కొడితే ఫోన్ తనను తాను తుడిచేసుకుంటుందట. ఆహా, ఎంత గొప్ప ఆలోచన అనుకున్నాను. నొక్కాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఫోన్ తెరిచి నాన్న చేతికివ్వడం నా పనయింది. అలా కొన్నాళ్ళు గడిచింది.

ఈలోగా నా వాక్చాతుర్యం మా ఆఫీసు దాటి పాకి, కాలేజ్ స్ట్రీట్ దగ్గర ఒక హాల్లో జరిగే చర్చలో మాట్లాడమని పిలుపొచ్చింది. సామాన్యుడి సమాచారం మీద హక్కు ఎవరిదన్నది విషయం. ఆ పొద్దున అద్దం ముందు చేతులూపుతూ ఉపన్యాసం వల్లించుకుంటూ, బస్సు పోతుందని పరుగెత్తి వెళ్ళిపోయాను. నాన్న ఫోన్ తెరిచి ఇవ్వలేదు.

హాల్లో నేను మాట్లాడిన మాటలు ఇప్పటికీ నన్ను వెంటాడతాయి. "మన మాట మనదే!" అని బల్ల గుద్దాను. "మన జ్ఞాపకాలను మన నుంచి వేరుచేసే అధికారం ఏ శక్తికీ లేదు!" చప్పట్లు. జేబులో ఫోన్ అదేపనిగా వణుకుతోంది. తీసి చూస్తే పార్వతి పిన్ని. పార్వతి పిన్నిది మా పక్క ఇల్లు, అమ్మకు చెల్లెలి లాంటిది. రేషన్ దుకాణం సంగతి అడగడానికి అయి ఉంటుందనుకుని ఫోన్ పూర్తిగా ఆపేసి, మళ్ళీ బల్ల గుద్దాను.

ఇంటికొచ్చేసరికి నాన్న, పార్వతి పిన్ని గుమ్మంలో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మధ్యలో పీట మీద ఫోన్. దాన్నిండా రంగురంగుల పూలలాంటి బొమ్మలు.

"ఏటో అడుగుతున్నాదిరా," అన్నాడు నాన్న. "ఏ బాస కావాల అని అడుగుతున్నాదట. పార్వతి సదివింది. ఏటి నొక్కాల?"

కొత్తగా కొన్న ఫోన్ మాత్రమే ఆ ప్రశ్న అడుగుతుంది.

"పొద్దున్నించి కొడతన్నాం," అంది పిన్ని. "నీకు ఫోన్ సేస్తే ఎత్తవు. మీ నాన్న మాటలు సెప్తన్నాడు, నాను కొడతన్నాను. తప్పు అన్నాది. మల్లీ కొట్టినాం. కాసేపు ఆగమన్నాది. ఆగినాం. మల్లీ కొట్టినాం. ఇంకా ఎక్కువసేపు ఆగమన్నాది. అన్నం తినీసి వచ్చి మల్లీ కొట్టినాం."

ఆ ఏర్పాటు చేసినవాళ్ళు దొంగల తొందరను లెక్కలోకి తీసుకున్నారు. మా నాన్న ఓపికను తీసుకోలేదు. ఏ దొంగైనా రెండోసారికే విసిగి ఫోన్ గంగలో పారేసేవాడు. భార్య గొంతు వినాలని కూర్చున్న మనిషి ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగాడు.

"నాను ఒక్క మాట కూడా మర్సిపోలేదురా," అన్నాడు నాన్న, బడిలో పాఠం అప్పగిస్తున్నట్టు. "సేప, సింత, సెంబు. వరసగానే సెప్పినాను. కదే పార్వతీ?"

"వరసగానే సెప్పినాడు. నానూ సరిగ్గానే కొట్టినాను. ఎస్సుతోటి సేప. ఎస్సుతోటి సింత. ఎస్సుతోటి సెంబు."

నేను సి, హెచ్‌లతో పెట్టాను. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్న శుద్ధమైన తెలుగు. మా తాత సిక్కోలు నుంచి ఈ రేవుకు వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఎవరూ చేప తినలేదు. సేపే తిన్నాం. ఆ సంగతి నాకు తప్ప అందరికీ గుర్తుంది.

"అయితే మీయమ్మ మాటలు?" అన్నాడు నాన్న.

నేను ఏవేవో చెప్పాను. నిల్వ అన్నాను, సంకేతం అన్నాను, భద్రత స్థాయి అన్నాను. నాన్న అంతా విని, "మల్లీ రావన్నమాట," అన్నాడు. లేచి లోపలికెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు.

ఫోన్ పట్టుకుని బాపీదా దగ్గరికి పరుగెత్తాను. సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నకలు ఎక్కడైనా ఉంటుంది కదా?"

"నేనే తీసేయించాను."

"మీ అమ్మ ఫోన్‌లో ఉంటాయి."

"నేనే తుడిచేశాను."

"పోనీ, నీకు పంపినవి నీ ఫోన్‌లో ఉంటాయి కదా భాయ్?"

"నా దాంట్లో ఏ మాటైనా ఒక్క రోజే ఉంటుంది. ఆ తర్వాత దానంతటదే పోయేలా పెట్టుకున్నాను."

బాపీదా నా మొహం చూశాడు. గెలిచిన వాదన ఆయన చేతిలో ఉంది. నన్ను ఎగతాళి చేయొచ్చు, పది మందిని పిలిచి మరీ చేయొచ్చు. ఆయన నాకొక చాయ్ చెప్పాడు. ఆ దుకాణం ముందు నేను నోరు మూసుకుని తాగిన చాయ్ అదొక్కటే.

"పెళ్ళిళ్ళ వీడియోలు?" అన్నాడు చివరికి.

చూశాం. ఒక పెళ్ళిలో అమ్మ ఎవరితోనో తెగ మాట్లాడుతోంది. వినపడేది బ్యాండుమేళం.

ఆ తర్వాతి రోజులు చెప్పుకోవడానికి బాగోవు. పొద్దున నాన్న చాయ్ గ్లాసు పట్టుకునేవాడు, రెండో చేయి అలవాటుగా కాస్త పైకి లేచి, దారి మర్చిపోయినట్టు ఆగిపోయేది. నేను ఆఫీసుకు తొందరగా వెళ్ళిపోయేవాణ్ణి. వీధిలో మాత్రం నాకు కొత్త గౌరవం వచ్చింది. "మా ఫోన్‌కి కూడా కాస్త తాళం ఏయవా గణేసూ?" అని అడిగి మరీ నవ్వేవారు.

ఒక ఆదివారం బుర్రలో మెరుపు మెరిసింది. పార్వతి పిన్ని! ఇద్దరికీ మధ్య ఒక్క గోడే అయినా, అమ్మ రోజంతా ఆమెకు మాటలు పంపుతూనే ఉండేది. పిన్ని తన ఫోన్‌లో ఏదీ తీసేయడం ఎరగదు. ఎలా తీసేయాలో నేర్పిస్తానని నేను ఎన్నిసార్లు వెంటపడ్డానో! దేవుడా, ఆమె నా మాట వినకపోవడం ఎంత మంచిదయింది అనుకుంటూ వెళ్ళాను.

పిన్ని బియ్యం ఏరుతోంది.

"పిన్నీ, నీ ఫోన్ ఒక్కసారి ఇవ్వు. అమ్మ మాటలన్నీ నాన్న ఫోన్‌లోకి పంపేస్తాను."

ఆమె చేయి ఆగింది. "ఇయ్యను."

"ఏం?"

"అవి నాకు సెప్పుకున్న మాటలు. మీకు సెప్పాలనుంటే మీకే సెప్పును కదా."

"అమ్మే లేనప్పుడు ఇంకా రహస్యం ఏమిటి పిన్నీ?"

"ఏటీ?" ఆమె చేట కింద పెట్టేసింది. "ఊరందరికీ ప్రైవసీ ప్రైవసీ అని సెవులు సిల్లులు పడేలా అరిసింది నువ్వు కాదేటి? బతికున్నోల మాటలకి తాళాలెయ్యాల, సచ్చిపోయినోల మాటలు సంతలో పెట్టాలా? అందులో నీ సంగతులున్నాయి, మీ నాన్న సంగతులున్నాయి. అది ఏడిసిన రోజులున్నాయి. నన్ను నమ్మి సెప్పింది."

మీరు నమ్మరు గానీ, నేను అక్కడ నిలబడి నా వాదనలన్నిటికీ ఎదురు వాదించాను. ప్రజాహితం అన్నాను. కుటుంబ హక్కు అన్నాను. దాచడానికి ఏముంది అని కూడా అన్నాను! బాపీదా మాట నా నోట్లోంచి ఊడిపడింది. పిన్ని ఒక్క అంగుళం కదల్లేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో, "నాన్న రోజురోజుకీ ఎలా అయిపోతున్నాడో నీకు కనపడట్లేదా?" అని అరిచాను.

ఆ అరుపు గోడ దాటింది. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పార్వతీ, ఈడి మాట ఇనకు," అన్నాడు. "నాకు ఇనాలనే ఉన్నాది. సానా ఉన్నాది. గానీ అది నీకు సెప్పుకున్నాది. నాను ఇంటే దానికి సిగ్గేస్తాది. వద్దు." నా భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ చేతిలో బలం తగ్గిపోయిందని అప్పుడే తెలిసింది నాకు. ఏ సభలోనూ ఎవరూ అంత తక్కువ మాటల్లో నన్ను ఓడించలేదు.

కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం పిన్ని తనంతట తనే మా ఇంటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అన్నీ ఇన్నాను బావా," అంది నాన్నతో. "మొదట్నించి సివరదాకా. ఒక్కదాన్నే కూకుని ఇన్నాను. ఎక్కువ ఇయ్యడానికి లేవు. ఒక్కటి దొరికినాది. ఇది ఇంటే దానికి కోపం రాదు. నవ్వుతాది."

తన ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టి మీట నొక్కింది.

ముందు ఏదో గరగర మోత. తగ్గుతోంది, పెరుగుతోంది, మధ్యలో ఈల వేస్తోంది, ఒక్కక్షణం ఆగి మళ్ళీ ఉరుముతోంది.

"ఏటిది? లారీయా?" అన్నాడు నాన్న.

"నువ్వే బావా. నీ గురక."

నాన్న నోరు తెరిచాడు. గురక సాగుతూనే ఉంది. రేవులో ఏ క్రేనూ అంత మోత చేసి ఉండదు. నేను బయటికి నడుద్దామా అనుకుంటుండగా మోత మధ్యలోంచి, ఫోన్‌కు బాగా దగ్గరగా, నవ్వు ఆపుకుంటూ అమ్మ గొంతు:

"ఇన్నావేటే పార్వతీ? నాను సెప్తే నమ్మలేదు. ఇలాటోడి పక్కన ఇన్నేళ్ళు తొంగున్నాను, అయినా సెవుడు రాలేదు. ఏ రోజన్నా గురక లేదనుకో, నాకు నిద్దర పట్టదు."

అంతే. అయిపోయింది.

నాన్న భుజాలు ఊగాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, ఆయనకూ తెలిసినట్టు లేదు. "మల్లీ పెట్టు," అన్నాడు.

పిన్ని ఆ ఒక్కటీ నాన్న ఫోన్‌కు పంపింది. మిగతావి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉన్నాయి. వాటిలో నా గురించి అమ్మ ఏమందో నాకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే మోగేది మా నాన్న గురక. ఆయన మేలుకుని, చాయ్ తాగుతూ, తన గురక తానే మొత్తం శ్రద్ధగా వింటాడు, ఆఖర్న వచ్చే ఆ నాలుగు మాటల కోసం. ఒకరోజు ఉండబట్టలేక, "నాన్నా, ఆ గురక కత్తిరించేసి అమ్మ మాటలు మాత్రం ఉంచనా? రెండు నిమిషాల పని," అన్నాను.

నాన్న ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. నా వైపు అనుమానంగా చూస్తూ గోడ దాకా వెనక్కి జరిగాడు. మా నాన్న తన జన్మలో దొంగను చూసినట్టు భయపడింది నన్నొక్కణ్ణి చూసే.

కాబట్టి గార్డెన్ రీచ్ బస్సుల సాక్షిగా, బాపీదా చాయ్ ముంత మీద చేయి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ప్రైవసీ గొప్పదని నేను ఇప్పటికీ వాదిస్తాను, బల్లలూ గుద్దుతాను. కానీ ఇకపై ఏ సభలో మాట్లాడుతున్నా, పిన్ని ఫోన్ చేస్తే ముందు ఎత్తుతాను. అడగనివాళ్ళ ఫోన్ ముట్టుకోను. అడిగినవాళ్ళ ఫోన్ అసలే ముట్టుకోను. నా కంఠంలో ప్రాణం ఉండగా, మా నాన్న గురక జోలికి పోను.